పాత కారులో కూలెంట్ లీకు: ఎక్కడ కారుతోందో పట్టుకుని బాగు చేయడం ఎలా?

రిజర్వ్ బాటిల్‌లో కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, తగ్గితే చాలామంది కాసిని నీళ్లు పోసి బానెట్ మూసేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ తగ్గుతుంది, మళ్లీ పోస్తారు. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) పోయి షెడ్డుకు చేరే పాత కార్లలో చాలా వాటి కథ ఇలాగే మొదలవుతుంది. కూలింగ్ సిస్టమ్ అన్ని వైపులా మూసి ఉంటుంది. పెట్రోలులాగా కూలెంట్ ఖర్చయ్యే సరుకు కాదు. ఏడాది మొత్తం మీద కొద్దిగా తగ్గితే కంగారు అక్కర్లేదు గానీ, నెల తిరక్కుండానే పై గీత నుంచి కింది గీతకు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే.

పోయేది కూలెంట్ ఒక్కటే అయితే ఇంత చెప్పాల్సిన పని లేదు. దాంతో పాటు ప్రెజర్ కూడా పోతుంది. అసలు సమస్య అదే. సగం యాంటీఫ్రీజ్, సగం నీళ్లు కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత 15 పీఎస్ఐ ప్రెజర్ పట్టి ఉంచితే ఆ అంకె దాదాపు 129 డిగ్రీలకు పెరుగుతుంది. లీకు ఉన్న సిస్టమ్ ప్రెజర్ పట్టదు కాబట్టి, ట్రాఫిక్‌లోనో ఎత్తు ఎక్కేటప్పుడో కూలెంట్ ముందే మరిగిపోతుంది. పైగా ప్రతిసారీ ఉత్త నీళ్లు పోస్తూ పోతే తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలు పలచబడతాయి. తుప్పు మొదలైతే ఇవాళ్టి ఒక లీకు పక్కన రేపు ఇంకో రెండు తేలతాయి.

ఈ పనిలో ముప్పాతిక భాగం వెతకడమే. పానా పట్టుకునేది ఆ తర్వాతే. ఊహతో వాటర్ పంపు మార్చేసి, అసలు లీకు దాని పైనున్న చిన్న హోసులో ఉందని తర్వాత తెలుసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కారే చోటు కళ్లతో చూసేదాకా ఏ పార్టూ కొనకండి.

మొదలుపెట్టే ముందు

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకూడదు. లోపల బాగా వేడెక్కిన కూలెంట్ ప్రెజర్ వల్లే మరగకుండా ఉంటుంది. మూత వదులైన క్షణంలో అది ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. పై హోసును చేత్తో గట్టిగా పట్టుకోగలిగేంత చల్లారాకే మూత జోలికి వెళ్లండి. అప్పుడు కూడా మందపాటి గుడ్డ కప్పి, మొదటి గాడి దాకా తిప్పి ఆగి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగాక తీయండి.

ఇంజిన్ ఆపి ఉన్నా ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. చేతులు అటు పెట్టే పని ఉంటే బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. కారు కిందికి దూరాలంటే జాకీని నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టండి. ఇక కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు, పిల్లులు దాన్ని నాకుతాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నేల మీద పడిన చుక్కలను అప్పటికప్పుడు తుడిచేయండి.

కారుతున్నది కూలెంటేనా?

రాత్రి కారు ఆపాక ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. రంగూ వాసనా లేని నీళ్లు, అదీ డ్యాష్‌బోర్డుకు సరిగ్గా కింద పడితే అవి ఏసీ నీళ్లు, వదిలేయండి. కూలెంట్ అయితే ఆకుపచ్చగానో, నారింజ రంగులోనో, గులాబీ రంగులోనో ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది. ఎర్రటి మరక కనిపించి, అది కూలెంటో పవర్ స్టీరింగ్ ఆయిలో తేలకపోతే ఒక చుక్కను గిన్నెలోని నీళ్లలో వేయండి. కూలెంట్ నీళ్లలో కలిసిపోతుంది, ఆయిల్ పైన తేలుతుంది.

అట్ట మీద మరక ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి గానీ, దానికి నేరుగా పైనే లీకు ఉందని తేల్చేయకండి. కూలెంట్ ఇంజిన్ బ్లాక్ అంచు వెంట, వైరింగ్ వెంట, కింది ప్లాస్టిక్ షీటు వెంట పాకి, ఎక్కడ వీలైతే అక్కడ నేలకు జారుతుంది. బండి నడిచేటప్పుడు ఫ్యాన్ గాలి దాన్ని వెనక్కి కొడుతుంది. అందుకే తడి ఎక్కడ ఉందో చూస్తే చాలదు. తడి ఉన్న చోట్లలో అన్నింటికన్నా పైది, అన్నింటికన్నా ముందుది ఏదో చూడాలి. కారే చోటు అక్కడే ఉంటుంది.

అట్ట మీద చుక్క కూడా లేకుండా మట్టం తగ్గుతుంటే మూడు దారులున్నాయి. వేడెక్కినప్పుడే కారి, ఆ వేడికే ఆవిరైపోతూ ఉండొచ్చు. హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు వెనక, వేడి కూలెంట్‌తో గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) నుంచి కారు లోపలి కార్పెట్ కిందికి ఇంకుతూ ఉండొచ్చు. లేదా ఇంజినే లోపల తాగేస్తూ ఉండొచ్చు. మూడింటినీ కిందికి వెళ్లే కొద్దీ చూద్దాం.

చల్లని ఇంజిన్‌ను కళ్లతో, వేళ్లతో చూడటం

మంచి టార్చి, చిన్న అద్దం చాలు. అద్దం పట్టని చోట్లకు ఫోన్ కెమెరా పంపి వీడియో తీయండి. ఇంజిన్ మొత్తం జిడ్డుగా ఉంటే ముందు తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే పాత మరకేదో కొత్త తడేదో తెలియదు. అయితే తుడిచే ముందు ఒకసారి అంతా చూడండి, ఫొటోలు తీసుకోండి. ఎండిన మరకే మీకు దారి చూపిస్తుంది. నీరు ఆవిరై పోయాక కూలెంట్ తెల్లటి, ఆకుపచ్చటి లేదా తుప్పు రంగు పొరగా గడ్డకట్టి మిగులుతుంది. ఒక జాయింటు చుట్టూ అలాంటి పొర గరుకుగా, ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తే అది ఎన్నాళ్ల నుంచో కొద్దికొద్దిగా ఊరుతున్న చోటు.

మొదట రేడియేటర్. అల్యూమినియం కోర్‌కు ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన రకమైతే, ఆ రెండూ కలిసే మడత అంచు వెంట వేలు నడిపించండి. హోసు ఎక్కే ప్లాస్టిక్ గొట్టం రంగు చూడండి. నల్లగా ఉండాల్సినది గోధుమరంగుకు తిరిగిందంటే ఆ ప్లాస్టిక్ పెళుసైపోయింది. ఇవాళ కారకపోయినా హోసు లాగేటప్పుడు చేతిలోకి విరిగి రావచ్చు.

తర్వాత హోసులు. పైది, కిందిది, హీటర్‌కు వెళ్లే రెండు, ఇంజిన్ మీదే ఉండే పొట్టి బైపాస్ హోసు. ఒక్కొక్కదాన్నీ క్లాంపు దగ్గరా నడిమధ్యా నొక్కి చూడండి. నొక్కితే చిటపటమన్నా, చెక్కలా బిగుసుకున్నా, మెత్తగా స్పాంజిలా తగిలినా దాని పని అయిపోయినట్టే. స్పాంజిలా అయిందంటే చాలాసార్లు ఆయిల్ లీకు దాన్ని నానబెట్టి ఉంటుంది. హోసు మార్చే ముందు ఆ ఆయిల్ సంగతి తేల్చకపోతే కొత్తదీ అంతే అవుతుంది. క్లాంపు పక్కన హోసు ఉబ్బిందేమో కూడా చూడండి.

వాటర్ పంపు దగ్గర వెతకాల్సింది వీప్ హోల్ కోసం. షాఫ్టు కింద, పంపు బాడీలో ఉండే చిన్న రంధ్రం అది. లోపలి సీలు అరిగితే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా అటు నుంచి బయటపడాలని కావాలనే పెట్టినది. అక్కడ పాత మరక లేశమాత్రంగా ఉంటే గమనిస్తూ ఉండండి. తడిగా ఉంటే, లేదా అక్కడి నుంచి కిందికి చార కట్టి ఉంటే పంపు మార్చాల్సిందే. ఆ రంధ్రాన్ని సీలెంట్‌తో మూసేసే పని మాత్రం చేయకండి. కారడం ఆగినట్టు అనిపిస్తుంది, కూలెంట్ బేరింగ్‌లోకి చేరి పంపు బిగుసుకుపోతుంది. ఇంజిన్ ఆపి బెల్టు తీసి, పుల్లీని పట్టుకుని అటూఇటూ ఊపండి. ఆట ఉంటే బేరింగ్ కూడా పోయినట్టు.

ఇక థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) మూత జాయింటు, టెంపరేచర్ సెన్సార్ చుట్టూ, ఇంజిన్ వెనక నడిచే ఇనుప గొట్టాలు, బ్లాక్ పక్కన రంధ్రాలను మూసే గుండ్రటి లోహపు బిళ్లలు, అంటే వెల్చ్ ప్లగ్గులు. చివరి రెండూ పాత కార్లలో తుప్పు తిని చిల్లులు పడే చోట్లు. కంటికి సులభంగా కనపడవు కాబట్టే ఎక్కువ మంది వాటిని వదిలేస్తారు.

ప్రెజర్ పెట్టి చూడటం

కళ్లకు దొరకని లీకును పట్టుకోవడానికి కూలింగ్ సిస్టమ్ ప్రెజర్ టెస్టర్‌ను మించినది లేదు. చేతి పంపు, గేజు, రేడియేటర్ మూతి మీద కూర్చునే అడాప్టర్, అంతే. కొనకపోయినా అద్దెకో అరువుకో సంపాదించండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ నిండా పోసి, మూత స్థానంలో టెస్టర్ బిగించండి. మూత మీద అచ్చువేసిన అంకె దాకా మాత్రమే పంపు కొట్టండి. సాధారణంగా అది 0.9 బార్, అంటే 13 పీఎస్ఐ, లేదా 1.1 బార్, అంటే 16 పీఎస్ఐ ఉంటుంది. అంతకు మించితే బాగున్న పాత రేడియేటర్‌ను మీరే పగలగొట్టినవాళ్లవుతారు. ఇప్పుడు రేడియో, ఫ్యాను అన్నీ ఆపి ఓ పావుగంట నిశ్శబ్దంగా ఉండండి. ముల్లు కదలకపోతే చల్లగా ఉన్నప్పుడు లీకు లేదు. దిగుతుంటే టార్చి పట్టుకుని మళ్లీ మొదటి నుంచి వెతకండి. జాయింటు అంచున చిన్న బొట్టు పుడుతుంది, ఉబ్బుతుంది, జారుతుంది, అదే చోట ఇంకోటి పుడుతుంది. సన్నటి చిల్లు అయితే బొట్టు కనిపించే ముందే చిన్న ఈల వినిపిస్తుంది.

కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి. వేడికి లోహమూ రబ్బరూ ఉబ్బి సందు మూసుకుంటుంది, చల్లారాక మళ్లీ తెరుచుకుంటుంది. పొద్దున పూట అట్ట మీద చుక్క పడి, తిరిగి వచ్చాక ఏమీ లేదంటే ఇదే. ఇంకొన్ని సరిగ్గా దీనికి తిరగబడి ఉంటాయి. అందుకే చల్లని ఇంజిన్ మీద ఏమీ దొరక్కపోతే, బండి వేడెక్కించి, ఆపి, పై హోసును చేత్తో గట్టిగా పట్టుకోగలిగేంత చల్లారనిచ్చి, ముందు చెప్పినట్టే జాగ్రత్తగా మూత తీసి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగానే టెస్టర్ ఇంకోసారి పెట్టండి.

అప్పటికీ దొరకని మొండి లీకుకు అల్ట్రావయొలెట్ డై ఉంది. కూలెంట్‌లో కలిపి కొన్ని రోజులు బండి నడిపి, చీకట్లో ఆ డై కోసం చేసిన లైటు వేస్తే కారిన దారంతా మెరుస్తుంది. కూలెంట్‌కు సరిపడే డై మాత్రమే వాడండి.

టెస్టర్‌తోనే మూతను కూడా పరీక్షించండి. అడాప్టర్‌కు బిగించి పంపు కొడితే, తన అంకె దగ్గర అది ప్రెజర్‌ను వదలాలి, దాని కింద పట్టి ఉంచాలి. మూతలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లారేటప్పుడు రిజర్వ్ బాటిల్ నుంచి కూలెంట్‌ను వెనక్కి రానిచ్చేది అదే. అది ఇరుక్కుంటే చల్లారాక పై హోసు పీల్చేసినట్టు అణిగిపోయి కనిపిస్తుంది. మూత రబ్బరు ఎండిపోయినా, బాటిల్‌కు వెళ్లే సన్నటి పైపు చిట్లినా కూలెంట్ బయటికి పోతుంది గానీ వెనక్కి రాదు. అలాంటప్పుడు బాటిల్ నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ ఖాళీ అవుతుంది. కాబట్టి మూత ఉన్న రేడియేటర్ అయితే, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి లోపల మట్టం చూడాలి. బాటిల్‌ను మాత్రమే చూసి నమ్మకూడదు.

ముల్లు దిగుతోంది, బయట ఒక్క చుక్కా లేదు

ముందు కారు లోపల చూడండి. ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి అడుగున తడి ఉందేమో తడమండి. హీటర్ వేసినప్పుడు తియ్యటి వాసన, అద్దం లోపలి వైపు జిడ్డుగా పట్టే ఆవిరి ఉంటే హీటర్ కోర్ కారుతోంది.

అక్కడా లేకపోతే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి వెళ్తుంది. టెన్షన్ పడేది ఇక్కడే, తొందరపడి తప్పు నిర్ణయాలు తీసుకునేదీ ఇక్కడే. ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాంటిది కనబడగానే గాస్కెట్ పోయిందనుకోకండి. దగ్గరి ప్రయాణాలే చేసే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక తేమ అక్కడ చేరి అలా కడుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ కూడా పాలు కలిపిన కాఫీలా ఉంటే అప్పుడు అది నిజమైన గుర్తు, ఆ ఇంజిన్‌ను ఇక స్టార్ట్ చేయకండి. అలాగే చల్లటి ఉదయం సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి రావడం మామూలే. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తుంటేనే పట్టించుకోవాలి.

రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ కాగానే కాసేపు వణికి, తర్వాత సర్దుకుంటోందా? రాత్రి ఒక సిలిండర్‌లోకి కూలెంట్ ఊరి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి వరసగా పెట్టండి. మిగతావి గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా, శుభ్రంగా ఉంటే ఆ సిలిండరే. ప్రెజర్ టెస్టర్ పెట్టి కొన్ని గంటలు వదిలేసి, ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కెమెరా దింపితే పిస్టన్ మీద తడి కనిపిస్తుంది. ఇంజిన్ తిరగకుండా గట్టిగా ఆగిపోతే మాత్రం పదేపదే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నిండిన నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది.

నిర్ధారణకు అన్నింటికన్నా తేలికైనది బ్లాక్ టెస్ట్. రేడియేటర్ మూతి మీద గొట్టం పెట్టి, అందులోని నీలం ద్రావణం గుండా రేడియేటర్‌లోని గాలిని పీల్చాలి. ఇంజిన్ నడుస్తుండగా మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే పెట్రోలు ఇంజిన్‌లో ఆ నీలం పసుపు రంగుకు తిరుగుతుంది. కూలెంట్ గొట్టంలోకి రాకుండా ముందు మట్టం కొద్దిగా తగ్గించుకోండి, లేదంటే ద్రావణం పాడై ఫలితం తప్పు వస్తుంది. ఒక్కో సిలిండర్ ఎంత ప్రెజర్ కడుతుందో కొలిచే కంప్రెషన్ టెస్ట్‌లో పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ప్రెజర్ తక్కువగా ఉంటే, ఆ రెండింటి మధ్య గాస్కెట్ కాలినట్టు దాదాపుగా తేలుతుంది.

ఆటోమేటిక్ గేరు బాక్సు ఉన్న కార్లలో దాని ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటే, అది చిల్లి పడినా ఇలాంటి దొంగ లీకే అవుతుంది. గేరు ఆయిల్ గులాబీ రంగు పాలలా మారుతుంది. అలా కనిపిస్తే బండి ఒక్క అడుగు కూడా నడపకండి.

బాగు చేయడం

మూత పోయిందని తేలితే కొత్తది అదే ప్రెజర్ అంకెతో కొనండి. ఎక్కువ అంకె మూత పెడితే కూలింగ్ పెరుగుతుందన్న మాట విని పాత రేడియేటర్‌ను పరీక్షకు పెట్టొద్దు.

హోసు మార్చేటప్పుడు పాతదాన్ని మెలితిప్పి లాగకండి. ప్లాస్టిక్ గొట్టం విరుగుతుంది, పలచటి రాగి గొట్టం నలుగుతుంది. హోసు ఎలాగూ పారేసేదే కాబట్టి, గొట్టానికి గాటు పడకుండా బ్లేడుతో పొడవునా చీల్చి ఒలిచేయండి. గొట్టం మీద పట్టిన తుప్పు, పాత రబ్బరు సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది తీసేయండి. కొత్త హోసు కారుతోందంటే చాలాసార్లు ఈ పని వదిలేసిన ఫలితమే. ఎక్కించడానికి బిగుతుగా ఉంటే కొంచెం కూలెంట్ పూయండి. గ్రీజు, ఆయిల్ వద్దు, హోసుల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. క్లాంపును హోసు చివరి అంచున కాకుండా, గొట్టం మీదున్న ఉబ్బెత్తు గీత దాటాక కూర్చోబెట్టండి. స్క్రూ క్లాంపును రబ్బరు కోసుకుపోయేంత బిగించొద్దు. కంపెనీ స్ప్రింగ్ క్లాంపు బలంగా ఉంటే దాన్నే వాడండి. రబ్బరు వేడికి ఉబ్బి, చలికి ముడుచుకున్నప్పుడల్లా అది తనంతట తానే సర్దుకుంటుంది. ఒక హోసు వయసు తీరి పోయిందంటే మిగతావాటి వయసూ అదే. అన్నీ ఒకేసారి మార్చడం మంచిదని నా అభిప్రాయం.

థర్మోస్టాట్ విప్పే పని పడితే కొత్త గాస్కెట్ తప్పనిసరి. స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ వైపుకు ఉండాలి. గాలి పోవడానికి చిన్న రంధ్రమో కదిలే పిన్నో ఉంటే అది పైకి రావాలి. పాత గాస్కెట్ గీకేటప్పుడు అల్యూమినియం మీద గీత పడకుండా ప్లాస్టిక్ గీకుడు వాడండి. వేసే ముందు థర్మోస్టాట్‌ను నీళ్ల గిన్నెలో వేలాడదీసి మరిగించి, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందేమో చూడటం మంచి అలవాటు. చాలా ఇంజిన్లలో అది 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఉంటుంది.

వాటర్ పంపు టైమింగ్ బెల్టుతో తిరిగే ఇంజిన్ అయితే బెల్టు, టెన్షనర్, పంపు మూడూ కలిపే మార్చండి. విప్పే శ్రమ ఒక్కటే. టైమింగ్ గుర్తులు కలపడం మీకు అలవాటు లేకపోతే ఈ ఒక్క పనినీ తెలిసిన మెకానిక్‌కు అప్పగించండి. ఒక్క పన్ను తప్పినా కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బయటి బెల్టుతో తిరిగే పంపు అయితే ఇంట్లోనే అవుతుంది. రెండు ముఖాలూ శుభ్రంగా గీకాలి. పేపర్ గాస్కెట్‌కు మాన్యువల్ చెబితేనే సీలెంట్ రాయాలి, అదీ పలచటి పొరగా. ఎక్కువైన సీలెంట్ లోపలికి పిండుకుని, ముక్కలై రేడియేటర్ సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. అల్యూమినియంలోకి దిగే 6 మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. మీ ఇంజిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

రేడియేటర్ ఇత్తడిదైతే మంచి రేడియేటర్ షాపులో టంకం వేయించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు చిట్లితే మాత్రం అంటించి లాభం లేదు. ప్రతి ప్రయాణంలోనూ అది ఉబ్బి ముడుచుకుంటూ ఉంటే ఎపాక్సీ ఎంతోకాలం పట్టుకోదు. కొత్తది వేయడమే దారి.

వెల్చ్ ప్లగ్గు తీయడానికి ఒక అంచున పంచ్ పెట్టి కొడితే అది అడ్డం తిరుగుతుంది, అప్పుడు ప్లయర్‌తో లాగేయవచ్చు. పూర్తిగా లోపలికి పడిపోకుండా చూసుకోండి. రంధ్రం గోడ లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, పలచగా సీలెంట్ రాసి, ప్లగ్గు లోపలి కొలతకు సరిపోయే సాకెట్ పెట్టి వంకర పోకుండా సమంగా కొట్టండి. ఒకటి చిల్లి పడిందంటే లోపల తుప్పు పని మొదలైనట్టే కనుక, చేతికి అందేవన్నీ మార్చేయండి.

హీటర్ కోర్ చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పితే గానీ రాదు. వెంటనే వీలుకాకపోతే ఇంజిన్ దగ్గరే హీటర్ హోసులు రెండింటినీ ఒక గొట్టంతో కలిపేసి, కోర్‌ను పక్కన పెట్టి నడపవచ్చు. అద్దం మీద పొగమంచు తుడవడానికి హీటర్ ఉండదని గుర్తుంచుకోండి.

హెడ్ గాస్కెట్ పెద్ద పని. గాస్కెట్ మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది. ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కిందంటే అల్యూమినియం హెడ్ వంగే అవకాశం ఎక్కువ. దాని మీద వంకర లేని తిన్నటి స్కేలు నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి, కింది సందులో ఫీలర్ గేజు (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడాలి. చాలా ఇంజిన్లకు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మధ్యే హద్దు. దాటితే ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ ముఖాన్ని మెషీన్ మీద చదును చేయించాలి, పగుళ్లకు ప్రెజర్ టెస్ట్ చేయించాలి. హెడ్ బోల్టులు సాగే రకమైతే పాతవి తిరిగి వాడకూడదు. బిగింపు మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన వరసలో, చెప్పిన విడతల్లోనే సాగాలి.

లీకు ఆపే పొడులు, ద్రావణాల గురించి చాలామంది అడుగుతారు. నడిరోడ్డు మీద సన్నటి చిల్లుతో ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి పనికొస్తాయి. చిల్లును మూసే పదార్థమే హీటర్ కోర్ సన్నటి గొట్టాలనూ మూసేయగలదు. బాగుచేసే స్థోమత, సమయం ఉన్న కారులో నేనైతే పోయను.

నింపడం, గాలి తీయడం

రంగు చూసి కూలెంట్ కొనకండి. ఒకే రంగులో వేరు వేరు రసాయనాలున్నవి దొరుకుతాయి. కొన్ని రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం పోతుంది, జిగురులా గడ్డకట్టనూ వచ్చు. మాన్యువల్ ఏ రకం చెబితే అది. ముందున్నది ఏమిటో తెలియకపోతే మొత్తం దింపి, శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా కడిగి, కొత్తది పోయండి. కుళాయి నీళ్లలోని ఉప్పు పొర కడుతుంది కాబట్టి చివరి కడుగుకూ, కలపడానికీ డిస్టిల్డ్ వాటరే వాడాలి.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. కడిగాక రేడియేటర్ కింది ట్యాప్ తిప్పితే మొత్తం రాదు, బ్లాక్‌లో నీళ్లు మిగిలిపోతాయి. దాని మీద సగంసగం కలిపినది పోస్తే అసలు పాళ్లు పలచబడతాయి. మీ ఇంజిన్ మొత్తం 6 లీటర్లు పడుతుందనుకోండి. సగం పాళ్లకు 3 లీటర్ల గాఢమైన యాంటీఫ్రీజ్ లోపలికి వెళ్లాలి. అందుకే నీళ్లు కలపని 3 లీటర్లూ ముందు పోసేసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి.

కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలపండి, మూతి అన్నింటికన్నా పైకి రావాలి. హీటర్ బటన్ పూర్తి వేడికి తిప్పండి. గాలి వదిలే స్క్రూ ఉంటే బుడగలు లేని ధార వచ్చేదాకా తెరిచి పోయండి. మూత తీసి ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లో వదలండి. అప్పుడప్పుడు పై హోసును నొక్కండి, లోపల చిక్కిన గాలి బుడగలుగా పైకి వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకోగానే పై హోసు ఒక్కసారిగా వేడెక్కుతుంది, మట్టం దిగుతుంది. మెల్లగా నింపి, బుడగలు ఆగాక మూత బిగించండి. రేడియేటర్ మీద మూత లేకుండా రిజర్వ్ బాటిలే ప్రెజర్‌లో ఉండే కార్లలో మాన్యువల్ చెప్పిన పద్ధతే పాటించండి.

మొదటి కొన్ని ప్రయాణాల్లో టెంపరేచర్ ముల్లుతో పాటు హీటర్ గాలిని కూడా గమనించండి. కూలెంట్ బాగా పోయి సెన్సార్ గాల్లో ఉండిపోతే ముల్లు తప్పు చెబుతుంది, ఒక్కోసారి కిందికి పడిపోయి అంతా చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. వేడిగా రావాల్సిన హీటర్ గాలి ఉన్నట్టుండి చల్లబడిందంటే కూలెంట్ తక్కువైందనో గాలి చిక్కుకుందనో అర్థం. వెంటనే బండి పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు, అందుకని చల్లారనిచ్చాకే పోయాలి.

రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారాక స్క్రూ క్లాంపులన్నీ ఒకసారి సరిచూసుకోండి, కొత్త రబ్బరు కాస్త అణిగి వదులవుతుంది. ప్రెజర్ టెస్టర్ ఇంకా మీ దగ్గరే ఉంటే మళ్లీ ఒకసారి పెట్టి పావుగంట ముల్లును చూడండి. దింపిన పాత కూలెంట్‌ను కాలువలోనో మట్టిలోనో పోయకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పైన పేరు రాసి, పాత ఆయిల్, కూలెంట్ తీసుకునే వర్క్‌షాపుకు గానీ సేకరణ కేంద్రానికి గానీ ఇచ్చేయండి.